జామాకు వాసన

శ్రావణమాసం, రెండో శుక్రవారం, పొద్దున్న పదకొండు గంటల పది నిమిషాలు. గడియారం చూడడం అప్పటికి నాకు రాదు. మా ఆడపడుచు కేకేసి చెప్పబట్టి తెలుసు. పదకొండూ పదయింది, పన్నెండు దాటకుండా తోరాలు కట్టుకోవాలి, ఈ పిల్లలెక్కడికి పోయారని అరుచుకుంటూ ఆవిడ పెరట్లోకి వచ్చింది. ఆవిడ వెనక పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళందరి ఎదురుగా నేను నా ఎనిమిదేళ్ళ మనవరాలిని చెంప మీద కొట్టాను.

తప్పు దానిది కాదు, నాది. ఆ సంగతి కొట్టే ముందే నాకు తెలుసు. కొడుతున్నప్పుడూ తెలుసు. తెలియక చేశానని రాసుకుంటే బాగానే ఉంటుంది గానీ, అబద్ధాలు రాయడానికి అంత వయసొచ్చాక అక్షరాలు నేర్చుకోలేదు నేను.

ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకంటే, మొన్న వంటింట్లో కొత్త గట్టు వేయించడానికి తాపీవాళ్ళు వచ్చారు. పొయ్యి పక్క గోడలో పాతకాలం గూడు ఒకటుంది. అది పగలగొడుతుంటే సున్నం పెచ్చులు ఊడిపడ్డాయి. మేస్త్రీ ఒక పెచ్చు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేంటండి మామ్మగారూ, గోడ పొగాకు కంపు కొడుతోంది" అన్నాడు. నేను వెళ్ళి చూశాను. ఆ గూటికి ఎన్నిసార్లు సున్నం వేయించామో లెక్కలేదు. లోపలి గోడ మాత్రం ఏదీ మర్చిపోలేదు.

ఆ గూట్లో నా చుట్టల డబ్బా ఉండేది. బిస్కట్లు అయిపోయాక మిగిలిన రేకు డబ్బా, మూత మీద గులాబీల బొమ్మ. నేల మీద కూర్చుని చెయ్యి చాపితే అందేంత ఎత్తు. కూర్చున్న ముసలిదానికి అందేది నడిచే పిల్లకి ఇంకా బాగా అందుతుంది కదా. అప్పట్లో ఆ ఆలోచనే రాలేదు నాకు.

నేను పుట్టింది గోదావరి మధ్యన, లంకలో. వరద తీశాక ఒండ్రు మట్టిలో పొగాకు నాటేవారు. ఎండలు ముదిరేసరికి ఊరంతా పందిళ్ళే. ఆకులు గుత్తులు కట్టి వేలాడదీసేవారు. ఆరుతున్న ఆకు మొదట తేనె వాసన వేస్తుంది. తర్వాత బెల్లం పాకం మాడినట్టుంటుంది. చివరికి గొంతులో మిరపగింజ పడ్డట్టుంటుంది. మా చద్దన్నంలో ఆ వాసనే, తాగే నీళ్ళలో ఆ వాసనే. తేగలు కాల్చుకుని తింటే వేళ్ళకున్న ఆకు చేదు ముందు నోట్లోకి వచ్చి, తర్వాత తేగ తీపి వచ్చేది. బడి ఏటికి అవతల ఉండేది. మగపిల్లలు పడవెక్కి వెళ్ళేవారు. ఆడపిల్లలకి ఆకులు కట్టే పని ఉండేది. నాకు బడి లేదని ఎవరూ బాధపడలేదు, నేను కూడా.

మా అమ్మమ్మ చుట్టని తిప్పి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. అడ్డపొగ అంటారు దాన్ని. నోట్లో నిప్పు పెట్టుకునే వడ్లు దంచేది, కోడళ్ళని తిట్టేది, గోదారికి దణ్ణం పెట్టేది. ఆవిడకి అగ్గిపుల్ల పనికిరాదు. పుల్ల మందు వాసన చుట్టకి పట్టి రుచి చెడగొడుతుందనేది. పొయ్యిలో నిప్పే కావాలి. లేవడానికి బద్ధకం. అందుకని నన్ను పిలిచి ముట్టించుకు రమ్మనేది. చుట్ట ఊరికే నిప్పుకి ఆనిస్తే అంటుకోదు, రెండు దమ్ములు లాగాలి. మొదటిసారి లాగినప్పుడు నాకు ఏడేళ్ళు. కళ్ళు తిరిగి పొయ్యి పక్కన కూలబడ్డాను. ఇంటిల్లిపాదీ కడుపు పట్టుకుని నవ్వారు. మా మావయ్య, దీని పెళ్ళికి సారె అక్కర్లేదు, రెండు కట్టల చుట్టలిస్తే చాలన్నాడు. నాకూ గొప్పగానే అనిపించింది. పెద్దవాళ్ళందరి చూపూ నా మీదే ఉంది మరి.

పన్నెండేళ్ళకి నా చుట్ట నాకుండేది, దొంగచాటుగా. జామాకు నమిలి ఉమ్మేస్తే నోట్లో పొగాకు కంపు పోతుందని నేర్పింది కూడా మా అమ్మమ్మే. అలా నేర్పడం ఆవిడ ప్రేమ. నాకు అర్థమైన ప్రేమ కూడా అదే.

పెళ్ళయ్యాక ద్రాక్షారామం దగ్గరున్న ఈ ఊరు వచ్చాను. వరి పండించే ఇల్లు. మా అత్తగారూ చుట్ట కాల్చేది, అందుచేత నాకు అడ్డు చెప్పినవాళ్ళు లేరు. ఆవిడ పోయాక డబ్బా నాదయింది, ఇల్లూ నాదయింది. కొడుకు పుట్టాడు, పెరిగాడు, వాడికీ పెళ్ళి చేశాం. కోడలిది కొవ్వూరు. మా ఊరి ఎలిమెంటరీ బళ్ళోనే టీచరు. వాళ్ళకి ఇద్దరు పిల్లలు: పెద్దది ఆడపిల్ల, దాని తర్వాత మూడేళ్ళకి మగపిల్లాడు. ఆ పిల్లాడు ఇంకా పాలు మానకముందే మా ఆయన పోయారు.

సాయంత్రం బడి వదలగానే పిల్లలు ఇంటికొచ్చేసేవారు. కోడలు రిజిస్టర్లు రాసుకుని గంట ఆలస్యంగా వచ్చేది. ఆ గంట నాదీ నా మనవరాలిదీ. దానికి కాలవగట్టు మీది కొంగల కథలు చెప్పేదాన్ని. చల్ది మినపరొట్టె మీద వెన్న రాసి పెట్టేదాన్ని. ఒకరోజు, దానికప్పుడు ఆరేళ్ళు, డబ్బా తీసి ఒక చుట్ట దాని చేతికిచ్చాను. "ముట్టించుకు రావే బంగారం" అన్నాను. మా అమ్మమ్మ నాతో అన్న మాటే. అది లాగింది, దగ్గింది, కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంది. నేను నవ్వాను. పక్కన నవ్వేవాళ్ళు లేరు గానీ, నవ్వు మాత్రం లంకలో విన్న నవ్వే.

తర్వాత అది అలవాటైంది. నాకూ దానికీ.

ఒక శీతాకాలం పిల్లలిద్దరికీ దగ్గు పట్టుకుని వదల్లేదు. చిన్నాడికి పడుకుంటే పిల్లికూతలు. రాజమండ్రి తీసుకెళ్ళారు. ఇంట్లో ఎవరు కాలుస్తారని డాక్టరు అడిగాడట. మందులు రాసిచ్చి, పిల్లలకి చెప్పి లాభం లేదమ్మా, చేతికి ఏది అందితే అదే చేస్తారు, కంటికి ఏది కనబడితే అదే అడుగుతారు, ముందు ఇల్లు మార్చండి అన్నాడట. సొంత ఇల్లండి, ఎక్కడికి మారతాం అని నా కొడుకు కంగారుపడ్డాడట. ఈ సంగతి చెప్పి కోడలు చాలాసేపు నవ్వింది. నేను నవ్వలేదు. ఎవరు కాలుస్తారన్న ముక్క దగ్గరే ఆగిపోయాను.

వేసవి సెలవులు ఇవ్వగానే కోడలు కొంగు బిగించింది. ఎవరికీ ఒక్క నీతి చెప్పలేదు. వస్తువుల చోట్లు మార్చింది, అంతే. మిఠాయి డబ్బా, జంతికల డబ్బా అటకెక్కాయి. చక్కెరకేళి గెల కిందికి దిగింది. వసారా దూలానికి తాడు కట్టి, ఆడుకునే పిల్లల ముక్కుకి తగిలేలా వేలాడదీసింది. జామకాయలు, వేయించిన వేరుశనగ గుళ్ళు బుట్టల్లో పోసి నేల మీద పెట్టింది. పెరట్లో ఉన్న కుళాయికి కింద, పిల్లల నడుం ఎత్తులో ఇంకో కుళాయి పెట్టించి, సబ్బుబిళ్ళని పాత మేజోడులో వేసి దానికి కట్టింది. అద్దం గోడ మీద మూడడుగుల ఎత్తుకి దిగింది. పిల్లలు అందులో చూసుకుంటూ నురగ కారేదాకా పళ్ళు తోమేవారు. నా కొడుకు గడ్డం గీసుకోవాలంటే గొంతుక్కూర్చోవాలి. పాపం వాడు అలాగే కూర్చునేవాడు. టీవీ అన్నాలు తినే గదిలోంచి వీధిగదిలోకి పోయింది. అన్నం తింటూ పిల్లలు కంచంలోకి చూడడం అప్పుడు మొదలైంది. ఈ ములక్కాడ ఎక్కడిది, ఈ చేప ఏ కాలవది అని అడగడం మొదలెట్టారు.

అన్నీ అయ్యాక కోడలు గూటి దగ్గరికి వచ్చింది. నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అత్తయ్యగారూ, మానెయ్యమని నేననను. అంత పెద్దదాన్ని కాదు. ఆ డబ్బా గొడ్ల సావిట్లో పెట్టుకుని, అక్కడే కాల్చుకోండి. పిల్లల కంట పడకపోతే చాలు."

"నువ్వు ఈ ఇంటికి రాకముందే వచ్చిందే అమ్మాయ్, ఆ డబ్బా."

"ఆయ్, తెలుసండి. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. అరటిగెలని అడగలేదు కదా."

నా కొడుకు గుమ్మంలో నిలబడి గోడ మీది బల్లిని చూస్తున్నాడు. ఆ బల్లి కదిలేదాకా వాడు కదల్లేదు.

డబ్బా సావిట్లోకి పోయింది. నేనూ పోయాను. అరవై దగ్గరపడ్డ మనిషిని గొడ్ల దగ్గరికి తోలేసిందని ఊళ్ళో ఇద్దరు ముగ్గురి దగ్గర అన్నాను. గొడ్లకి మాత్రం దగ్గు రాదా అన్నాను. వాళ్ళు నవ్వారు, నాకు కాస్త చల్లబడింది. ఇంట్లో మాత్రం కోడలు చేసిన పని ఫలిస్తోందని నా కళ్ళకి కనబడుతూనే ఉంది. చిన్నాడి పిల్లికూతలు ఆగాయి. గెల మూడు రోజుల్లో ఖాళీ అయ్యేది. అన్నానికి ముందు పిల్లలు చెప్పించుకోకుండా చేతులు కడుగుతున్నారు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు నేను నడిపిన ఇంటిని ఇది ఒక్క సెలవల్లో మార్చేసిందే అని.

వానలు పడ్డాయి. సావిట్లో నిప్పు ఉండదు. నీళ్ళు కాచుకునే కాగు పొయ్యి పెరటి మూల ఉంది. సావిట్లోంచి ముప్పై అడుగులు. నాకు మోకాళ్ళ నొప్పి అని నాకు నేనే చెప్పుకున్నాను. నడవలేనంత నొప్పేం కాదు. నాకు కావలసింది నిప్పు కాదు. ఆ పిల్ల మళ్ళీ నేను చెప్పినట్టు వినడం. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ సాయంత్రపు గంటలో దాన్ని సావిట్లోకి పిలిచి చుట్ట ఇచ్చాను. "అమ్మ వద్దంది మామ్మా" అంది. అప్పుడు నేను చేసిన పని ఇది. దాని చెయ్యి పట్టుకుని నా నెత్తిన పెట్టుకున్నాను. "నా మీద ఒట్టు. ఎవరికైనా చెప్పావంటే నేను చచ్చిపోతాను" అన్నాను.

పెద్దవాళ్ళు రోజుకి పది ఒట్లు వేసుకుంటారు. సంతలో కూరగాయలమ్మేవాడు కూడా పిల్లల మీద ఒట్టేస్తాడు. కానీ ఆ పిల్లకి తాతగారి పాడె కట్టడం గుర్తుంది. చచ్చిపోవడమంటే ఏంటో దానికి తెలుసు. దాని వేళ్ళు నా నెత్తి మీద బిగుసుకుపోవడం నాకు తెలిసింది. తెలిసీ చెయ్యి తియ్యనివ్వలేదు, సరేననేదాకా.

ఆ రోజు నుంచి అది రోజూ నిప్పు దగ్గరికి వెళ్ళి, రెండు దమ్ములు లాగి, ముట్టించుకొచ్చేది. జామచెట్టు కింద నిలబడి ఆకు నమిలి ఉమ్మేది. నేను గడ్డిలో దాచిన కాజా ముక్క ఒకటి ఇచ్చేదాన్ని. ఒకరోజు కోడలు నాతో సంతోషంగా, పిల్ల ఎప్పుడు చూసినా జామచెట్టు దగ్గరే ఉంటోందండి, కాయలు బాగా అలవాటయ్యాయి అంది. అవునే తల్లీ, నీ పుణ్యమే అన్నాను. ఆ మాటంటుంటే నాకు లోపల నవ్వొచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇక ఆ శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం. మా ఆయన లేరు కాబట్టి నేను పీటల దగ్గరికి వెళ్ళను. తెల్లవారకముందే పూర్ణానికి శనగపప్పు ఉడకబెట్టి, రుబ్బి, ఉండలు చేసి కోడలికి అప్పగించి సావిట్లోకి వచ్చేశాను. ముసురు పడుతోంది. వంటింట్లోంచి బూరెల నూనె వాసన, పులిహోరలో ఇంగువ వాసన, వీధిగదిలోంచి సాంబ్రాణి. లోపల ఆడవాళ్ళ గాజులు, నవ్వులు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ పీట మీద కూర్చున్నది నేను. మనసు ఎలాగో అయింది. చుట్ట కావాలనిపించింది.

మనవరాలు కొత్త పట్టు పరికిణీ కట్టుకుని, చూపించడానికి నా దగ్గరికి వచ్చింది. ఆకుపచ్చ, ఎర్రంచు. నేను చుట్ట తీశాను. "ఇవాళ వద్దు మామ్మా, కొత్త పరికిణీ" అంది. ఒక్కసారే కదే అన్నాను. అది పరికిణీ కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, వానలో కాగు పొయ్యి వైపు వెళ్ళింది.

ఎంతసేపటికీ రాలేదు. లోపల్నుంచి మా ఆడపడుచు కేక వినబడింది. అదే సమయానికి పొయ్యి వెనక ఎవరో కక్కుకుంటున్న చప్పుడు వినబడింది. లేచి వెళ్ళాను. ముప్పై అడుగులూ నడిచాను, మోకాళ్ళ మాట గుర్తే రాలేదు. చిన్నాడు గోడకి జారబడి ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది, ఒళ్ళంతా చెమట. పక్కన కాలుతున్న చుట్ట. మనవరాలు పరికిణీ అంచుతో వాడి మూతి తుడుస్తోంది. ఆ ఆకుపచ్చ పట్టు మీద నిప్పు పడి, చింతగింజంత కన్నం.

అప్పుడే ఆడవాళ్ళందరూ వచ్చారు. మా ఆడపడుచు బుగ్గన వేలేసుకుని ముందు నిలబడింది.

"ఎవరిచ్చారే నీకిది?"

పిల్ల తలెత్తి నా వంక చూసింది. నోరు తెరవలేదు. నన్ను ఇరికించే చూపు కాదది. నేనింకా నిలబడే ఉన్నానా లేదా అని చూసినట్టు చూసింది. ఆ చూపు అర్థం నాకు సాయంత్రందాకా తెలియలేదు. అప్పుడు మాత్రం నాకు ఆ ఆడవాళ్ళ కళ్ళే కనబడ్డాయి. వాళ్ళలో ఇద్దరితో, గొడ్ల దగ్గరికి తోలేసినా మనవల కోసం ఓర్చుకున్నానని చెప్పుకున్న మనిషిని నేను. ఒక్క అడుగు వేసి కొట్టాను. "దొంగమొహందానా, నా డబ్బాలో ఎప్పుడు చెయ్యి పెట్టావే" అన్నాను.

అది ఏడవలేదు. నా వేళ్ళు దాని చెంప మీద తేలాయి.

కోడలు పసుపు చేతులతో పరిగెత్తుకొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుంది. కూతురి మొహం ఒకసారి చూసింది, నా మొహం ఒకసారి చూసింది. నా కొడుకు సైకిలేసుకుని వెళ్ళి ఊళ్ళో వైద్యం చేసే ఆయన్ని తీసుకొచ్చాడు. భయం లేదు, నిమ్మకాయ నీళ్ళు పట్టండి, పడుకోనివ్వండి అన్నాడాయన. మధ్యాహ్నానికి వాడు లేచి బూరె అడిగాడు. తోరాలు మాత్రం పన్నెండు దాటాకే కట్టుకున్నారు.

భోజనాల దగ్గర అందరికీ అదే కబురు. మా ఆడపడుచు విస్తరి ముందు కూర్చుని, అందరికీ వినబడేలా అంది: "ఉద్యోగం చేసే తల్లి పిల్లలు ఇలాగే తయారవుతారమ్మా. ఊళ్ళో పిల్లలకి పాఠాలు, కన్నపిల్లలకి చుట్టలు." పక్కింటావిడ నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళు తాగింది. కోడలు వంగి వడ్డిస్తోంది. "ఇంకో బూరె వెయ్యమంటారా పిన్నిగారూ" అంది. గొంతు కూడా మారలేదు. నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. చెప్పాలంటే నాలుగు మాటలు చాలు. చెప్పలేదు. కోడలు నాకూ ఆకు వేసి రెండు బూరెలు పెట్టి నెయ్యి వేసింది. తిన్నాను. వాటి రుచి ఇప్పటికీ గుర్తుంది.

ఆడవాళ్ళు శనగలూ తాంబూలాలూ పట్టుకుని వెళ్ళిపోయాక, వెనక వసారాలో చాప వేసుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు, కళ్ళు మూసుకున్నానంతే. కాసేపటికి ముక్కు కింద ఏదో వెచ్చగా తగిలింది. కళ్ళు తెరిచాను. మనవరాలు నా తల దగ్గర కూర్చుని, రెండు వేళ్ళు నా ముక్కు కింద పెట్టి ఊపిరి చూస్తోంది. ఎప్పట్నుంచి కూర్చుందో. చెంప మీద వేళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నేను చెప్పలేదు మామ్మా. తమ్ముడు చూసేశాడు. అమ్మకి చెబుతానన్నాడు. వాడు చెబితే నువ్వు చచ్చిపోతావు కదా. అందుకని, చెప్పనంటే నీకూ ఒక దమ్ము ఇస్తానన్నాను." ఆగి, మళ్ళీ అడిగింది. "అందరూ చూసేశారుగా. చూస్తే ఏం కాదు కదా? చెబితేనే కదా?"

నన్ను బతికించుకోవడానికి తమ్ముడి నోట్లో చుట్ట పెట్టింది ఆ పిల్ల. నన్ను బతికించుకోవడానికి నా చేతే దెబ్బ తిని నోరు మూసుకుంది. దగ్గరికి తీసుకున్నాను. దాని నోట్లోంచి జామాకు వాసన వచ్చింది. అంత గొడవలోనూ వెళ్ళి ఆకు నమిలి వచ్చింది, నేను చెప్పినట్టే.

దీపాలు పెట్టే వేళకి వంటింట్లోకి వెళ్ళాను. కోడలు గిన్నెలు తోముతోంది. దానికి కాస్త దూరంలో నిలబడి, మొత్తం చెప్పాను. ఒట్టు సంగతి కూడా. తోమడం ఆపలేదు.

"జామాకు సంగతి నాకు పదిరోజుల కిందటే అనుమానమొచ్చిందండి. చెట్టుకి కాయలు అలాగే ఉన్నాయి, కింది కొమ్మకి ఆకుల్లేవు. మీరే మానేస్తారని చూశాను. నాది కూడా తప్పే."

నేను, ఇక ఆ డబ్బా కాలవలో పారేస్తానన్నాను. అప్పుడు చేతులు కడుక్కుని నావైపు తిరిగింది. మొదటిసారి దాని కళ్ళల్లో నీళ్ళు చూశాను.

"డబ్బాదేముందండి. డబ్బా అయితే అటక మీద పెడతాను, సావిట్లో పెడతాను. మీ ప్రాణం తీసుకెళ్ళి దాని నెత్తిన పెట్టారు. దాన్ని నేను ఎక్కడ సర్దనండి?"

కోడలు తోమిన గిన్నెలు ఒక్కొక్కటే తీసి బోర్లించాను.

మా వైపు పిల్లలు ఒట్టు వద్దనుకుంటే, తీసి గట్టు మీద పెడతారు. మర్నాడు పొద్దున్నే మనవరాలిని చేలోకి తీసుకెళ్ళాను. ఊడ్పులైన చేలు, గట్టు మీద కాలు జారుతోంది. దాని చెయ్యి పట్టుకుని నా నెత్తిన పెట్టించి, పిడికిలి మూయించి, గట్టు మీద తెరిపించాను. పెట్టేశాం, ఇక నువ్వు ఎవరికి ఏం చెప్పినా నాకేం కాదు అన్నాను. అది వంగి గట్టు వంక చూసి, "వాన పడితే మళ్ళీ మనింటికి కొట్టుకొస్తుందా?" అంది. రాదన్నాను. నమ్మలేదు. ఆ వానాకాలమంతా మధ్యాహ్నాలు నా ముక్కు కింద దాని వేళ్ళు వెచ్చగా తగులుతూనే ఉన్నాయి.

చుట్ట ఒక్కరోజులో మానేశానని గొప్పలు చెప్పుకోను. ఏడాది పైనే పట్టింది. చెయ్యి దానంతటదే గూటి వైపు పోయేది. అది చూసి కోడలు ఆ గూట్లో ఒక పలక, నాలుగు బలపాలు పెట్టింది. చెయ్యి పోయినప్పుడు ఏదో ఒకటి తగలాలి కదండి అంది. సాయంత్రం ఆ గంటలో మనవరాలు నా వేలు పట్టుకుని దిద్దించింది. 'అ' రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఎనిమిదేళ్ళది బెత్తం పట్టుకుని, "ఆ తోక పైకి పోవాలి మామ్మా, ఎన్నిసార్లు చెప్పాలి" అనేది. ఒక్కసారి కూడా కొట్టలేదు.

ఇంట్లోవాళ్ళకి చెప్పాను. ఊళ్ళోవాళ్ళకి చెప్పలేదు. అదీ అసలు సంగతి. చుట్ట కాల్చే పిల్ల, పిల్లల్ని గాలికొదిలేసిన టీచరమ్మ అని ఆ మాట చాలా ఏళ్ళు ఊళ్ళో తిరిగింది. ఆ పిల్లకి పాలకొల్లు సంబంధం కుదిరి పెళ్ళి జరిగినప్పుడు కూడా, మంటపం దగ్గర ఒకావిడ, మీ అమ్మాయి ఇంకా చుట్ట కాలుస్తోందా అని కోడల్ని నవ్వుతూ అడిగింది. మానేసిందండి అంది కోడలు, తనూ నవ్వుతూ. నేను పక్కనే ఉన్నాను. వక్క నమలడం ఆపలేదు.

మనవరాలు ఇప్పుడు కాపురం చేసుకుంటోంది, దానికో కూతురు. వాళ్ళింట్లో అద్దం మూడడుగుల ఎత్తులో ఉంది. అరటిపళ్ళు పిల్లకి అందేచోట ఉన్నాయి. ఒట్టు అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనకూడదు, దాని మొగుడు సరదాకి అన్నా ఊరుకోదు. ఇక్కడికి వచ్చినప్పుడు, నేను మధ్యాహ్నం పడుకుంటే నా పక్కనే కూర్చుంటుంది. ఫోన్ చూసుకుంటున్నట్టే ఉంటుంది. నేను కళ్ళు మూసుకుని ఉంటాను. కాసేపటికి ముక్కు కింద వెచ్చగా తగులుతుంది.

గూడు పగలగొట్టేశారు. ఇక దాచుకోవడానికి చోటు లేదు. ఆ రోజు పెరట్లో ఉన్నవాళ్ళని రాస్తాను. పేర్లు రాయను, పోయినవాళ్ళున్నారు. వరసలు రాస్తే ఊళ్ళోవాళ్ళకి తెలుస్తుంది. మా ఆడపడుచు, అడిగింది ఆవిడే, జవాబు వినకుండానే పోయింది. పక్కింటావిడ. ఆవిడ తోడికోడలు. ఎదురింటి పెద్దావిడ, ఆవిడ కూతురు, చంకలో బిడ్డతో. చెరుకు తోటవాళ్ళ కోడలు, అప్పుడు కొత్త పెళ్ళికూతురు. నా కొడుకు, అందరి వెనక. నా కోడలు, చేతులకి పసుపు. నా మనవడు, గోడకి జారబడి. నా మనవరాలు, ఆకుపచ్చ పరికిణీలో.

ఇంకా నేను. వదినా, ఎవరిచ్చారని అడిగావు కదా. నేనిచ్చాను.